టైరు మీద కనిపించని నంబరు

ఆ రూలు రాసింది నేనే. కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. హాల్ టికెట్ మరచి వచ్చిన పిల్లల్ని గేటు దగ్గరే ఆపేసే రకం. కరీంనగర్‌లో కార్ల పిచ్చి ఉన్న పది పన్నెండు మందిమి ఎండాకాలంలో జమ్మికుంట దగ్గరి ఒక జిన్నింగ్ మిల్లు ఆవరణ అడిగి తీసుకుని ఆటోక్రాస్ ఆడతాం. పత్తి లేని రోజుల్లో అక్కడ సిమెంటు నేలంతా ఖాళీ. కోన్లు పెట్టి వంకర దారి చేస్తాం. ఒక్కో కారు ఒంటరిగా పోవాలి, ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. ప్రతి కోను చుట్టూ సుద్దగీత ఉంటుంది. కోను గీత దాటిందా, రెండు సెకన్లు కలుపుతాం.

ఒక ఏడు హైదరాబాద్ నుంచి ఒకాయన వ్యాన్‌లో మెత్తటి పందెం టైర్లు తెచ్చి, ఇక్కడ బిగించుకుని, మా అందర్నీ ఊడ్చేశాడు. అప్పుడు మామూలు టైర్ల తరగతి పెట్టాం. టైరు పక్కన అచ్చులో అరుగుదల నంబరు ఒకటి ఉంటుంది. అది ఎంత పెద్దదైతే రబ్బరు అంత గట్టిది, నేల మీద పట్టు అంత తక్కువ. ఆ నంబరు రెండు వందలకు తగ్గకూడదనీ, స్పష్టంగా కనిపించాలనీ రాశాను. డబ్బున్నవాళ్ల ఆట కట్టించానని మీసం మెలేశాను.

మొన్నటి ఎండాకాలం బోథ్ నుంచి ఒక ట్రాక్టర్ మెకానిక్ వచ్చాడు. తెల్లారకముందే బయలుదేరాడట. పాత చిన్న కారు, ఒక తలుపు రంగు వేరు. మనిషికి మూడు పరుగులు, వాటిలో అన్నిటికన్నా తక్కువ సమయమే లెక్క. రెండు పరుగులయ్యేసరికి అతను మొదట, నేను రెండు. నాకు కడుపు మండింది. ఏదో పనున్నట్టు అతని కారు దగ్గరికి వెళ్లి, వంగి టైర్లు చూశాను.

"తమ్మీ, నంబరు కనబడుతలేదు."

"రీసోల్ టైర్లు సార్. అరిగినయే, మీద కొత్త రబ్బరు ఎక్కించిన. కొత్తయి కొనే తాకత్ ఏడిది? రబ్బరు రాయి లెక్క ఉన్నది, గోరు గుచ్చి సూడుండ్రి."

గుచ్చాను. దిగలేదు. నా టైర్ల కంటే గట్టివి. ఆ టైర్లతో నన్ను ఓడించాడంటే అది చేతి పనితనమే. అది తెలిసీ నోరు తెరిచాను.

"నంబరు కనబడాలె తమ్మీ. రూలు. లేకుంటే నీ పరుగులు లెక్కకు రావు."

"రూలు ఎవరు రాసిండ్రు సార్?"

"నేనే."

"అయితే సరే" అన్నాడు. కంచే చేను మేసినట్టయింది. మిగతావాళ్లు నేల చూపులు చూశారు. సార్ మాటకు ఎవరు అడ్డం చెప్తారు?

వెళ్లిపోతాడనుకున్నాను, వెళ్లిపోతే బాగుండుననుకున్నాను. కానీ పరుగులు అయినవాళ్లు, కోను గీత దాటిందా లేదా చూసి చెప్పడానికి, కోన్ల దగ్గర నిలబడటం మా దగ్గర ఆనవాయితీ. ఎవరూ చెప్పకముందే అతను తువ్వాల తలకు చుట్టుకుని చివరి మలుపులో నిలబడ్డాడు.

ఈలోపు మాలో మందుల షాపు నడిపే మిత్రుడొకడు చివరి పరుగులో నాకన్నా తక్కువ సమయం తెచ్చాడు. ఇక నా చివరి పరుగు మీదే అంతా. చివరి మలుపులో వెనక చక్రం దేనికో తగిలింది. అద్దంలో చూస్తే కోను ఊగుతోంది. సమయం బాగానే వచ్చింది, కానీ ఆ కోను గీత దాటితే పోయినట్టే. దిగి నిలబడ్డాను.

అతను కాలుతున్న సిమెంటు మీద మోకాళ్లు ఆనించి ఒకవైపు నుంచి చూశాడు, లేచి ఇంకోవైపు నుంచీ చూశాడు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. బూటుతో చిన్నగా నెట్టినా అడిగేవాడు లేడు.

చెయ్యెత్తి అరిచాడు. "గీత మీదనే ఉన్నది సార్. రూలు ప్రకారం రెండు సెకన్లు కలపొద్దు."

దగ్గరికి పోయి చూశాను. కోను అంచు ఒక్క అంగుళం గీత మీద ఉంది. తల కొట్టేసినట్టయింది. రూళ్ల పుస్తకం నా జేబులోనే ఉంది, పెన్నూ ఉంది. తప్పు నాదని అందరి ముందు ఒక్క మాట అంటే చాలు.

"నీళ్లు తాగుతవా తమ్మీ?" అన్నాను.

"తాగిన సార్."

అంతలో నన్ను పిలిచారు. వెళ్లి కప్పు తీసుకున్నాను. అందరితో పాటు అతనూ చప్పట్లు కొట్టాడు.