అక్క పాస్ మీద రాయపూర్ వచ్చినావిడ

ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా చేశాను. ఒకరి రక్తం తీసి ఇంకొకరి పేరు అంటించిన పాపాన పోలేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, రిటైరైన రెండో ఏడు, అంటే 2018లో, ఆ నింద నా మీద పడింది. నింద పడితే నోరు మూసుకుని కూర్చునే రకాన్ని కాను. అది కడుక్కోడానికి వెళ్లబట్టే రాయపూర్ పక్క బీర్‌గావ్‌లో ఉండే అప్పలనరసమ్మగారి సంగతి నాకు తెలిసింది.

డాక్టర్ మాలతిది విశాఖ. ఇక్కడ రాయపూర్ శంకర్ నగర్‌లో ఓ బట్టల కొట్టు పైవాటా అద్దెకి తీసుకుని పరిశోధన పెట్టింది. లోకమంతా జబ్బు ఎందుకొచ్చిందని చూస్తుంటే, ఈవిడ ఎందుకు రాలేదని చూస్తుంది. తొంభై దాటినా షుగరు, గుండెజబ్బు, కాన్సరు లేకుండా తమ పని తాము చేసుకునేవాళ్లని వెతికి పట్టుకోవాలి. వాళ్ల రక్తం, వాళ్ల పిల్లల రక్తం తీయాలి. ఏం తిన్నారు, ఏం పనులు చేశారు, ఎన్ని కాన్పులు, ఎన్ని గంటల నిద్ర, అన్నీ అడిగి రాయాలి. ఆ ఆరోగ్యంలో పుట్టుకతో వచ్చిందెంత, బతికిన తీరు వల్ల వచ్చిందెంత అన్నది ఆవిడకి తేలాలి. రైల్వే తెలుగువాళ్ల ఇళ్లకి వెళ్లడానికి తెలుగు నర్సు కావాలంది. ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడ్డం కంటే నయమని చేరాను.

అప్పలనరసమ్మగారికి కాగితాల ప్రకారం తొంభై రెండేళ్లు. మొగుడు గంగులు రైల్వేలో గ్యాంగ్‌మన్, ఎప్పుడో పోయాడు. కొడుకు సూరిబాబు రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరుగా రిటైరై బీర్‌గావ్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అతని భార్య పోయాక ఇంట్లో తల్లీకొడుకులిద్దరే. పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల మసి పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ పేరుకునే చోటది. కుర్రాళ్లే ఖల్లు ఖల్లుమంటుంటారక్కడ. ఈవిడ మాత్రం వీధి కుళాయి దగ్గర బిందె చంకనెత్తుకుని, నన్ను చూసి, తలుపు తీసే ఉంది వెళ్లి కూర్చోమంది. బీపీ చూశాను, పడుచుపిల్లకున్నట్టుంది. మాలతి మేడమ్‌కి ఫోన్ చేసి చెప్తే సంబరపడిపోయింది.

ఆ రోజు నేనో తప్పు చేశాను, దాచుకోను. కొడుక్కి ఎన్నాళ్లు పాలిచ్చారని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. అడిగితే ఆవిడ గోడ వైపు చూస్తూ ఉండిపోయింది, తర్వాత అన్నం మాడుతోందని లేచి వెళ్లింది. మతిమరుపు కాబోలనుకుని, ఆ కాలం ఆడవాళ్లంతా ఇచ్చినన్నాళ్లే ఇచ్చి ఉంటుందిలే అని రెండేళ్లని నేనే రాసేశాను.

మూడు నెలలకి మాలతి మేడమ్ పిలిపించింది. అప్పలనరసమ్మగారి రక్తంలో వయసు గుర్తులు ఎనభై దగ్గర ఉన్నాయట, తొంభై రెండు కాదట. పైగా ఆ రక్తం, సూరిబాబు రక్తం తల్లీకొడుకులవి కావట. ట్యూబులు ఎక్కడో మారాయి గ్రేస్ గారూ అంది. మెత్తగానే అంది, కానీ నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ తీసుకొస్తాను, మీరే చూసుకోండి అని సంచీ భుజాన వేసుకుని ఆటో ఎక్కాను.

వెళ్లేసరికి సూరిబాబు అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని, మేరీ మా కా ఖూన్ అంటూ, తన తల్లి రక్తం సైన్సువాళ్లు తీసుకెళ్లారని గొప్పలు చెప్తున్నాడు. మొహం ఉబ్బి ఉంది. అనుమానమొచ్చి బీపీ చూస్తే నూట తొంభై. పదేళ్లుగా బీపీ, షుగరూ ఉన్న మనిషి. గూట్లో మాత్రలు చూస్తే రెండు నెలల కిందటివి, విప్పను కూడా లేదు. నాలుగు చివాట్లు పెట్టాను. అతను నవ్వేశాడు.

"అమ్మ రక్తమే కదా సిస్టర్ నాది. తొంభై రెండేళ్లలో ఆవిడ ఒక్క గోలీ మింగిందా? మీ మేడమ్ ఊరికే వచ్చి చదువుతోందా ఏంటి?"

వంటగది గుమ్మంలో నిలబడి ఆవిడ ఈ మాటలన్నీ వింది. కొడుకు పాలు తేవడానికి వెళ్లగానే వచ్చి నా పక్కన చతికిలబడింది. రెండోసారి రక్తం ఎందుకని అడిగింది. చెప్పాను. వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. తర్వాత, "రగతంలో తెలిసిపోద్దేటమ్మా?" అంది.

తెలిసిపోయింది మామ్మా అన్నాను.

"ఆ తొంభై రెండూ మా అప్పవి. నాకు ఎనభై ఉంటాయేమో. నా పేరు పైడమ్మ."

వాళ్లది పార్వతీపురం పక్క పల్లె. అప్ప అంటే అక్క. అప్పలనరసమ్మ ఆ అక్క పేరు. కాన్పుకి పుట్టింటికొచ్చి, సూరిబాబుని కని, పురిట్లోనే కన్నుమూసింది. పసిగుడ్డుని ఎవరు సాకుతారని పెద్దలు పదిహేనేళ్ల చెల్లెల్నే గంగులుకి కట్టబెట్టారు. గంగులు దగ్గర రాయపూర్ తిరుగు ప్రయాణానికి రైల్వే పాస్ ఉంది, అందులో భార్య అప్పలనరసమ్మ అని ఉంది. భార్య పోయిందని ఆఫీసులో చెప్తే ఈ పిల్లని క్వార్టరులోకి రానివ్వరేమోనని ఆ చదువురాని మనిషి భయం. బండిలో ఎవరడిగినా అప్పలనరసమ్మననే చెప్పమన్నాడు. టిట్లాగఢ్ దాటాక టీసీ వచ్చి పేరడిగితే, ఒళ్లో బిడ్డతో ఈవిడ ఆ పేరే చెప్పింది. ఆ తర్వాత రేషన్ కార్డులోనూ అదే, ఓటరు కార్డులోనూ అదే. మేకపాలు పట్టి పెంచింది బిడ్డని. తనకంటూ కడుపు పండలేదు. ఎవరైనా నోరు జారతారని ఊరి మొహం మళ్లీ చూడలేదు.

ఆ బండెక్కాక తనని పైడీ అని పిలిచినవాళ్లు లేరట.  నేను రాసిన రెండేళ్లు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మకి చెప్పు, సూరిబాబుకి మాత్రం చెప్పొద్దని చేతులు పట్టుకుంది. మా మేడమ్ ఇలాంటివి ఇంట్లోవాళ్లకి చచ్చినా చెప్పదు, మీ గుట్టుకి భయం లేదన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా! నా నోరు ఊరుకోదు. "గుట్టు సరే మామ్మా, ఆ మాత్రల సంగతేంటి? మీ రక్తమే తనదీ అనుకుని మానేశాడతను," అన్నాను. ఆవిడ గూట్లోంచి ఆ మాత్రలు తీసి చేత్తో తిప్పి చూసింది.

నా మీద నింద పోయింది. మాలతి మేడమ్ అంతా విని, ఫారం మీద తన చేత్తోనే వయసు ఎనభై అని దిద్దింది. తొంభై దాటినవాళ్ల జాబితాలోంచి ఆ పేరు తీసేసింది. పొరపాటు నాదే గ్రేస్ గారూ అంది. సూరిబాబు బీపీ ఎంతుందో చెప్పాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకో తొంభై రెండేళ్ల మనిషి పోయింది, పోనివ్వండి. ఆవిడకి కొడుకు పోకుండా చూడండి," అంది.

నేనేం చూస్తాను! రెండుసార్లు వెళ్లాను, బతిమాలాను, తిట్టాను. అతను వింటేగా. మూడో ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఆవిడ కబురు పెట్టింది. వెళ్లేసరికి సూరిబాబుని మంచం మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, నువ్వూ ఉండమ్మా, నమ్మకపోతే నువ్వు చెప్దువుగాని అంది.

"నీది నా రగతం కాదురా బాబూ. నిన్ను కన్నది మా అప్ప. ఇరవై ఏడేళ్లు నిండకుండానే పోయింది. నా రగతం నమ్ముకుని మాత్రలు మానీకు. నీకేటైనా అయితే నాకు ఎవులున్నారు?"

అతను నావైపు చూశాడు. తల ఊపాను. అంత కష్టమైన పని నా ఉద్యోగంలో ఎప్పుడూ చేయలేదు. తర్వాత పైడమ్మగారు పాస్ సంగతీ, బండి సంగతీ అన్నీ చెప్పింది, ఏదీ దాచలేదు. అతను చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

మూడు రోజులు ఇంటికి పడుకోడానికే వచ్చాడట. ఆవిడతో మాట లేదు. వండింది వండినట్టే ఉంది, ఆవిడా తినలేదు. నాలుగో రోజు పొద్దున్నే నేను వెళ్లాను. ఎనభై ఏళ్లొచ్చినా బిందె ఎత్తిన మనిషి, గోడ పట్టుకుని లేచింది. నిజం చెప్పమన్నట్టు మాట్లాడి ఈ ముసలిదాన్ని నేనే చంపానా ప్రభువా అనుకున్నాను.

సూరిబాబు లోపలికొచ్చాడు. గూట్లోంచి మాత్ర తీసి, చెంబులో నీళ్లతో మింగాడు. వచ్చి ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"అమ్మా, పెద్దమ్మ ఏ రోజున పోయింది? ఇన్నేళ్లూ ఆవిడకి తద్దినం పెట్టలేదు కదా మనం."

పెద్దమ్మ అన్నాడు. ఆవిడ దగ్గరికి జరిగింది. అతని తల మీద చెయ్యి వేసి, "నువ్వు పుట్టిన మూడోనాడురా," అంది. అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, అప్పా అప్పా అంటూ బావురుమంది. అరవై అయిదేళ్లుగా ఆ పేరుతో తనే తిరుగుతుండబట్టి, చచ్చిపోయిన అక్క కోసం ఆవిడ ఒక్కసారి కూడా పైకి ఏడవలేదు.