చచ్చినదేదైనా బెడ్డుకే

మార్కాపురం దాటినాక, పలకరాళ్ల గుట్టల వెనకాల ఆదినారాయణ ఎర్రల షెడ్డు ఉంది, వానపాములతో ఎరువు తయారుచేసేది. రేకుల కప్పు, గోనెపట్టాల గోడలు, లోపల ఆరు ఎరువు బెడ్లు. గనివాళ్లు పారేసిన పలకరాళ్లనే నిలబెట్టి బెడ్లకు అంచులు కట్టారు. వాటిలో పాకే ప్రతి ఎర్రా అక్కడ పనిచేసే రేచల్ తెచ్చిన ఎర్రల సంతానమే. పన్నెండేళ్ల కింద పొదిలి నుంచి తడిగుడ్డ కప్పిన బకెట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. పక్క సీటామె "చేపలా వదినా?" అని గుడ్డ ఎత్తి చూసి, మార్కాపురం దాకా నిలబడే వచ్చింది.

రేచల్ మొగుడు శ్యాంసన్ ఆ గనిలోనే దుమ్ము మింగి మింగి, దగ్గి దగ్గి పోయాడు. ఆమెకు మిగిలింది ఇంటి వెనక మంచమంత జాగా. అందులో సొంత బెడ్డు పెట్టుకోవాలని కోరిక. పోయిన ఎండాకాలం ఆదినారాయణ మాటిచ్చాడు. "క్రిస్మస్‌కు ఆరో బెడ్డులో సగం ఎర్రలు నీవే, తీస్కపో. అప్పటిదాకా షెడ్డు ఇడిసి యాడికీ పోగాకు."

ఆ రోజు నుంచి ఆరో బెడ్డు ఆమెకు చంటిబిడ్డ. ఎవరు చుట్టమో ఎవరు పగవాడో ఆమెకు తెలుసు. రోకలిబండ పురుగును ఏమీ అనదు, అది ఆకు తినిపోతుంది. జెర్రిని మాత్రం బతకనివ్వదు. చీమలు రాకుండా బెడ్ల చుట్టూ సన్నటి నీళ్లకాలువ తీసింది. షెడ్డులో ఆమె పెట్టిన చట్టం ఒకటే: చచ్చినదేదైనా బెడ్డుకే. అరటితొక్కైనా, చితికిన జెర్రైనా ఎర్రల నోటికే. కొత్తగా పనికొచ్చిన వెంకటసుబ్బులమ్మకు మొదటి రోజు నేర్పిన పాఠమూ అదే.

వానాకాలంలో ఆదినారాయణ కొత్తింటికని నర్సరీ మొక్కలు లారీలో వచ్చాయి. ఇల్లు పూర్తయ్యేదాకా కుండీలన్నీ షెడ్డు నీడలో, ఆరో బెడ్డు పక్కనే పెట్టించాడు.

పదిరోజులకు రేచల్ ఒక కుండీ జరిపితే కింద ఏదో మెదిలింది. జానెడు పొడుగు, రిబ్బను మాదిరి పలచన, వీపు మీద నల్లగీతలు, తల అచ్చం పారలాగా వెడల్పు. ఒక ఎర్ర మీదికెక్కి జిగటతో అతుక్కుని ఉంది. రేచల్ గొంతుక్కూర్చుని చూసింది. దాని నోరు తలకు లేదు. కడుపు మధ్య నుంచి తెల్లటి తిత్తి బయటికొచ్చి ఎర్రను కప్పింది. ఎర్ర మెలికలు తిరిగింది, మెత్తబడింది, కరిగింది. కాసేపటికి అక్కడ తడి మాత్రం మిగిలింది.

పరుగున పోయి చెప్పింది. ఆదినారాయణ ఫోను చూస్తూనే అన్నాడు: "పురుగు పురుగును తింటే నీకేందే నొప్పి? నా మొక్కలు ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు."

వెంకటసుబ్బులమ్మ నవ్వింది. "ఎర్రలకు ఏసుప్రభువు లేడా ఏంది, కాపాడనీకె?"

రేచల్ దగ్గరున్నది పార. పొద్దున్నే కుండీ కిందా, పలకరాయి సందునా వెతికి, కనబడిన పురుగునల్లా మూడు ముక్కలు, నాలుగు ముక్కలు నరికింది. నరికిన ముక్కలు ఎర్రలకైనా పనికొస్తాయని ఆరో బెడ్డులో వేసింది. ఒక్క రోజు నాగా లేదు. రోజుకు రెండు దొరికేవి కాస్తా ఆరు దొరికాయి, ఆరు పోయి పదిహేను. ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కాక ఇంకా కసిగా నరికింది.

నవంబరు చివర ఒక పొద్దున ఆరో బెడ్డులో చెయ్యి పెడితే చల్లటి ఎరువు తగిలింది తప్ప, వేళ్ల మధ్య కదలిక లేదు. మోచేతి దాకా దించింది. అడుగున నాలుగు ఎర్రలు.

ఆ రోజే ఒక తోకముక్క తడిగుడ్డలో చుట్టి, ఇంట్లో పలకరాయి కింద పెట్టి ఉంచింది, ఎందుకో అనుమానమొచ్చి. పదోనాటికి విప్పి చూస్తే తోకకు తల మొలిచింది. పారలాంటి తల, చిన్నది, లేతది, అటూ ఇటూ ఊపుతూ. ఇన్నాళ్లూ రేచల్ ఈ పురుగులనే తన బెడ్డులో తన చేతులతోనే విత్తింది.

అయినా దారి ఉంది. ఇంకో ముక్క మీద చిటికెడు ఉప్పేసి చూసింది, అది కరిగి నీళ్లయింది. నరకకుండా ఏరి ఉప్పునీళ్లలో వేస్తే మిగతా అయిదు బెడ్లు దక్కుతాయి. అవి దక్కితే ఆదినారాయణ తన వాటా వేరే బెడ్డులో ఇవ్వకపోడు. తల మొలిచిన పురుగును గుడ్డతో సహా టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, ఏం చెప్పాలో దారంతా మననం చేసుకుంటూ షెడ్డుకు పోయింది.

ఆదినారాయణ అప్పటికే ఆరో బెడ్డు ముందు నిలబడి ఉన్నాడు.

"యాడ పెట్టినావే ఎర్రల్ని?"

"అయ్యా, ఆ పురుగు..."

"పన్నెండేండ్లు రాని పురుగు, నీకు ఇస్తానన్న బెడ్డుకే వచ్చిందా? క్రిస్మస్ దాకా ఆగలేకపోతివే, దినమూ డబ్బాలో మోస్కపోయినావు గదా! అక్కా, దాని డబ్బా తియ్యి."

వెంకటసుబ్బులమ్మ డబ్బా లాక్కుని మూత తీసింది. గుడ్డ విప్పింది. "ఇదిగో సామీ! అన్నం డబ్బాలో ఎర్ర! దేవుని బిడ్డ చేసే పనేనా ఇది?"

"అది ఎర్ర కాదు అయ్యా. తల చూడండి, నరికితే..."

"నోర్ముయ్. ఎర్ర ఎర్రే. దొంగ దొంగే. రేపటి నుంచి గేటు తొక్కినావంటే కాళ్లిరగ్గొడతా."

పన్నెండేళ్లు. రేచల్ చేతుల వైపు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా ఎరువు నలుపు ఉంది.

డబ్బాలోని పురుగును వెంకటసుబ్బులమ్మ నేల మీద విదిలించింది. అది తల విప్పార్చి రెండో బెడ్డు వైపు సాగింది. "ఛీ, ఏంది సామీ, ఇది జలగ మాదిరి ఉంది!" అని పార అందుకుని టపామని రెండు ముక్కలు చేసింది. ముక్కలు పార మీదికెత్తి, ఒక్క క్షణం ఆగి రేచల్ ముఖం చూసింది.

"ఏం రేచలూ? చచ్చినదేదైనా బెడ్డుకే గదా, నువ్వు చెప్పిందే."

చెప్పాల్సిన మాట రేచల్ నాలుక చివరన ఉంది. ఉప్పు. అంతే, ఒక్క మాట. పక్కన అయిదు బెడ్లలో తాను ఒళ్లో మోసుకొచ్చిన ఎర్రల పిల్లలు, పిల్లల పిల్లలు, తడి మట్టిలో నిశ్చింతగా మెదులుతున్నాయి.

ఖాళీ డబ్బాను కాలువ నీళ్లలో కడుక్కుని, మూత బిగించుకుంది.

"ఇంకా సన్నగా నరుకక్కా," అంది. "సన్నగా నరికి, అన్ని బెడ్లలో తలాకొంచెం ఎయ్యి."