త్రేన్పు వచ్చింది, నొప్పి పోలేదు

బాపు పొద్దున అంగడి నుంచి కూరగాయల సంచి మోసుకొచ్చి, ఛాతీ రుద్దుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. దారిలో బజ్జీలు తిన్నాడట. మా మందమర్రి బొగ్గుగని క్వార్టర్లలో ఛాతీ నొప్పికి ఒకటే పరీక్ష: నిమ్మకాయ సోడా తాగాలి, త్రేన్పు వస్తే గ్యాసే. పరుగున వెళ్లి సోడా తెచ్చాను. తాగాడు, వీధంతా వినిపించేలా త్రేన్చాడు. నేను చప్పట్లు కూడా కొట్టాను.

కాసేపటికి డాబా మీది బట్టలు తెస్తానని లేచినవాడు నాలుగో మెట్టు మీదే కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. నొప్పి దవడ దాకా పాకిందన్నాడు.

"గ్యాసే. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల దిగినోన్ని, నాకేమైతది?"

లోపలి నుంచి వచ్చిన మా అవ్వ, అంటే అమ్మ, నా వైపు తిరిగి అరిచింది. "గ్యాసైతే మెట్లెక్కంగనే ఎందుకొస్తది బిడ్డా? జల్ది ఆటో పిలువు!"

మంచిర్యాల ఆస్పత్రిలో ఈసీజీ చూసి డాక్టరమ్మ గుండెపోటు అంది. నొప్పి ఎన్నాళ్ల నుంచి ఉందని బాపును అడిగింది.

"మూడు వారాలాయె మేడం. సోడా తాగితే పోతుండె."

"సోడాతోని కాదు. సోడా తాగనీకి కూసుంటున్నరు గదా, గుండెకు ఆరాం దొరుకుతుండె, గందుకే తగ్గుతుండె."

ఐసీయూ బయట కూర్చుని ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో త్రేన్పు పరీక్ష పెట్టేది ఎవరో చెప్పండి. మా ఇంట్లో మూడు వారాలుగా సోడా తెచ్చింది నేనే.