వరసలు మింగే భూతం

ఆ రోజులంటే మరీ పాత రోజులనుకోకండి. అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, నా బుర్రలోకి బుద్ధి మాత్రం ఇంకా రాలేదు. శృంగవరపుకోటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారుగా కొత్తగా చేరాను. ఉద్యోగం కొత్త, అద్దె గది కొత్త, పెంచుతున్న మీసం ఇంకా కొత్త. ఆ వయసులో ప్రతి కుర్రాడికీ తనంత తెలివైనవాడు ఇంకొకడు పుట్టలేదని ఒక నమ్మకం ఉంటుంది. నాకది కాస్త ఎక్కువ పాళ్ళలోనే ఉండేది. ఆ తెలివితోనే ఒక భూతాన్ని తయారుచేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకాలే మనసు చివుక్కుమంటుంది.

విశాఖలో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఒక ఆట నేర్చుకున్నాను. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. ఒకడు లోపల దూరతానంటాడు, ఇంకొకడు పారిపోతానంటాడు. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే మునిగినట్టు. శనివారం మా బడి ఒంటిపూటే. పిల్లలు వెళ్ళిపోయాక, బస్సుల వేళ అయ్యేదాకా స్టాఫ్ రూములో నలుగురం ఈ ఆటకి కూర్చునేవాళ్ళం. కథ చెప్పేవాణ్ణి నేనే. (ఇంకెవరికీ రాదు కాబట్టి. లేకపోతే నాకెవరిస్తారు?) ఉన్నది ఒకటే పాచిక. డ్రిల్లు మాస్టారు ఒకసారి ఊపుమీద విసిరితే అది బీరువా కిందకి పోయి, దాన్ని తీయడానికి అందరం పొర్లాల్సి వచ్చింది. అప్పటినుంచీ పాచిక కూడా నేనే, చాక్‌పీసుల పెట్టె అట్ట అడ్డం పెట్టుకుని దాని వెనక వేసేవాణ్ణి. నేను ఎంతంటే అంత.

డ్రిల్లు మాస్టారిది సముద్రం ఒడ్డు ఊరు, వేటకెళ్ళే కుటుంబం. కథలో ఆయన మహావీరుడు. కత్తి ఇస్తే వద్దన్నాడు. "కత్తేటి సేసుకుంటాను బావా? నాకో వలిచ్చీ, ఏటొచ్చినా లాగీస్తాను" అన్నాడు. డ్రాగన్ వచ్చినా, దెయ్యం వచ్చినా వల విసరడమే. రెండోవాడు మా ఆఫీసు గుమాస్తా. పెద్దాయన, వరి పండించే ఇంటి మనిషి, మా అందరికీ మావ. కథలో ఆయన ఎవరితోనూ యుద్ధం చెయ్యడు. రాక్షసుణ్ణి కూడా కూర్చోబెట్టి "నీకెంత కావాలో సెప్పు, ఇద్దరికీ నట్టం నేకుండా సూసుకుందాం" అని బేరమాడతాడు. ఇక మూడో మనిషి సైన్సు టీచరు. కథలో వైద్యురాలు. నా భూతం పుట్టింది ఆమె కోసం.

ఆమెది శ్రీముఖలింగం దగ్గర పల్లె. నేను బడిలో చేరిన మొదటి రోజే తలుపు దగ్గర నిలబడి "అన్నయ్యా, మీ దగ్గిర సుద్దముక్కున్నాదేటి?" అని అడిగింది. తెలుగు దేశంలో ఏ కుర్రాడి కథైనా ఆ ఒక్క మాటతో అక్కడే ముగిసిపోవాలి. నాది ముగియలేదు. ఆమె నవ్వితే నాకు ఎక్కాలు తప్పేవి. (పిల్లలు సరిదిద్దేవారు.) రోజుకి ఎన్నిసార్లు అన్నయ్యా అంటే అన్నిసార్లు లోపల ఏదో తెగేది. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పడానికి ధైర్యం లేదు. కాబట్టి, మగమహారాజుని కదా, భూతాన్ని పంపించాను.

దాని పేరు వరసమింగుడు. తాటిచెట్టంత పొడుగు, నోరు ఉండదు, చేటలంత చెవులు ఉంటాయి. మనుషుల్ని తినదు. ఎవరైనా ఎవరినైనా వరస పెట్టి పిలిస్తే ఆ పిలుపుని చెవులతో లాగేసుకుంటుంది. ఇక ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. అది చచ్చేదాకా ఆ వరసతో పిలుచుకోకూడదు, ఆటలోనే కాదు, బడిలోనూ, బస్సులోనూ కూడా. అలా అయితేనే మజా అని నమ్మబలికాను. ఎలా చంపాలో మాత్రం నేను కూడా ఆలోచించలేదు, ఎందుకంటే చంపనిచ్చే ఉద్దేశం లేదు. కొన్నాళ్ళు నోరు కట్టేస్తే అలవాటు పోతుంది, పేరు పెట్టి పిలుస్తుంది, ఆ తరవాత సంగతి దేవుడు చూసుకుంటాడు. ఇదీ లెక్కల మాస్టారి లెక్క.

ఆ శనివారం గుహలో భూతం లేచి నిలబడింది. నేను గొంతు మార్చి, పెద్ద పెద్ద మాటలు వేసి దాన్ని వర్ణించాను. మావకి అర్థం కాలేదు.

"పిలుపులు తింటాదా? మరి దానికి కడుపెలగ నిండుతాది?"

"ఓ మావా, నువ్ ముందెనక్కొచ్చీ! నీ మీదకొచ్చీస్తన్నాది!" అని అరిచాడు డ్రిల్లు మాస్టారు, వల తీస్తూ.

"మింగేసింది" అన్నాను.

"ఏటి మింగీసింది అల్లుడూ?" అన్నాడు మావ, డ్రిల్లు మాస్టారి వైపు తిరిగి. అదీ పోయింది. మన వైపు మనుషులకి వరస కలపకుండా మంచినీళ్ళు అడగడం కూడా రాదు కదా, భూతానికి విందు భోజనమే. తరవాత వాళ్ళిద్దరూ "గుమాస్తాగారూ", "మాస్టారూ" అని పిలుచుకుంటూ, పొలం గట్టు తగాదా పడ్డవాళ్ళలా ఎడంగా జరిగి కూర్చున్నారు. మావ మొహం నిజంగానే చిన్నబోయింది. "ఇదేటాట బాబూ, సొంతోల్లని పరాయోల్లని సేసీస్తన్నాది" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీద అసహ్యం వేస్తుంది.

టీచరు మాత్రం తెలివైనది. నోరు మూసుకుని చేత్తో సైగలు చేస్తూ ఆడింది. బస్సు వేళ దగ్గరపడుతోంది. నాకు కంగారు పుట్టింది. కథలో దివిటీ పట్టుకుని ముందు నడిచే మనిషి ఒకడున్నాడు, వాడి పాత్ర నాదే. వాడి కాలికింద రాయి జారించాను. పక్కన లోయ.

"అన్నయ్యా, జాగర్త!"

అనేసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మింగేసింది" అన్నాను. "ఇంకనుంచి పేరు పెట్టి పిలవాలి టీచర్. రూలు రూలే."

ఆమె "నా మూలిక ఇచ్చీస్తాను. ఆ పిలుపు తిరిగిచ్చీమను" అంది.

ఆ మూలిక ఏమిటో చెప్పాలి. చనిపోయినవాణ్ణి ఒక్కసారి బతికించే మూలిక అది. వానాకాలమంతా ఆడి సంపాదించుకుంది. డ్రిల్లు మాస్టారి వీరుడు మొసలి నోట్లో ఉన్నప్పుడు కూడా "ఇంకా సగం బయటే ఉన్నావు కదేటి" అని దాన్ని తీయలేదు.

"ఏటి టీచరమ్మా, పిచ్చా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "అది పోతే మల్లీ రాదు. ఉత్త పిలుపుకి అంత ఇచ్చీస్తావేటి? మేం ఊరుకోనేదా?"

"మీకు ఉత్త పిలుపేమో" అంది ఆమె. గొంతు మారిపోయింది. ఆట గొంతు కాదది. "మా ఇంట్లో అన్నయ్య నాతోటి మాటాడి ఎన్నాల్లయిందో తెలుసేటి? ఆడు తెచ్చిన సంబంధం నానొద్దన్నానని. ఇంటికెల్తే ఈదిలోకెల్లిపోతాడు. అన్నయ్యా అంటే పలికే మనిషి నాకిక్కడొక్కడే దొరికినాడు. ఈయన్ని కూడా బూతానికి ఒగ్గీమంటే ఒగ్గీస్తానేటి?"

బయట బస్సు హారన్ కొట్టింది, ఎవరూ లేవలేదు. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, పదికి పైన పడితే భూతం ఒప్పుకుంటుందన్నాను. అట్ట వెనక పాచిక వేశాను.

మూడు పడింది.

నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. నా తెలివి గెలిచింది, పాచిక కూడా నా పక్షమే. ఇక "మూడు" అంటే చాలు. తలెత్తి చూశాను. ఆమె అట్ట వైపు చూడటం లేదు, నా మొహం వైపు చూస్తోంది, పరీక్ష ఫలితాల కోసం వచ్చిన పిల్లలా రెండు చేతులూ బిగించుకుని.

"పదిహేడు" అన్నాను.

డ్రిల్లు మాస్టారు బల్ల గుద్దాడు. ఆమె నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ "అన్నయ్యా!" అంది, సరిచూసుకోవడానికన్నట్టు ఇంకోసారి కూడా అంది. మావ లేచి నిలబడి "మరి నా అల్లుడి సంగతేటి? నాకు మూలిక నేదని ఒగ్గీస్తారేటి?" అని దెబ్బలాటకొచ్చాడు. నాకు ఇంక ఓపిక లేదు. వరసలన్నీ కలిపి తిన్నందువల్ల భూతం అజీర్తి చేసి చచ్చిపోయిందని చెప్పేశాను. కథ చెప్పడంలో అంత నాసిరకం ముగింపు నేనెప్పుడూ ఇవ్వలేదు. వాళ్ళు ముగ్గురూ ఎంత సంబరపడ్డారో చెప్పలేను.

ఆ తరవాత ఆమెకి శ్రీకాకుళం వైపు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది, అక్కడే తనకి నచ్చినవాణ్ణి చేసుకుంది. పెళ్ళికి సొంత అన్న వచ్చాడు గాని పందిట్లోకి రాలేదు, వీధిలో నిలబడ్డాడు. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో అన్న పేలాలు పొయ్యాలి. ఆమె మంటపం మీదనుంచి నలుదిక్కులా చూసి నన్ను పిలిచింది. వెళ్ళి పోశాను. సగం పేలాలు నేల మీద పడ్డాయి. "బాబూ, పొయ్యాల్సింది చెల్లెలి చేతిలో, నేల మీద కాదు" అని పురోహితుడు కసిరాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పాచిక అబద్ధానికి నాకు ఏ విచారమూ లేదు. నా జన్మలో నేను చేసిన మంచి లెక్క అదొక్కటే. విచారమల్లా ఆ మీసాల కుర్రాడి గురించి. ఎన్ని శనివారాలు ఆమె పక్కన బస్సు కోసం నిలబడ్డాడు! ఆమె అన్నయ్య అంటున్నా, ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరిచి, వెర్రివెధవలాగే సరే, ఒక్క మాట అడిగి ఉంటే? కాదనే అనేది, నాకు తెలుసు. కాని ఆ "కాదు" ఆమె అన్నయ్యతో కాక నాతో అన్న మాట అయ్యుండేది. ఇప్పుడు నా దగ్గర అది కూడా లేదు.