ఆ ట్యాంకు మీది నల్ల రంగు నా బిడ్డది కాదు

నా పెద్ద కొడుకు చనిపోయిన సంగతి మన సంఘంలో చాలామందికి తెలుసు. తెలియనివారికి ఇప్పుడు చెబుతున్నాను. జ్వరమని కడప ఆస్పత్రికి తన కాళ్ల మీదే నడిచి వెళ్లినవాడు, తిరిగి మనుషులు మోసుకొస్తే ఇంటికి వచ్చాడు. బండి మీద నుంచి పడ్డాడా అని ఇప్పటికీ అడుగుతున్నారు. లేదు. బండ్లు వాడికి ఏ కీడూ చేయలేదు.

నాకు పెద్దగా చదువు లేదు. తప్పులుంటే మన సంఘ పత్రికలో వేసేముందు పాస్టరు అయ్యగారు దిద్దుతారు. కానీ ఇందులో ఒక మాట మాత్రం తీసేయవద్దని ముందే అడుక్కుంటున్నాను.

వాడి పని పాత ఇంగ్లండు మోటారు సైకిళ్లు బాగుచేయడం. తెల్లవాళ్ల కాలంలో వచ్చినవి, ఇప్పుడు ముచ్చటపడి దాచుకునేవాళ్లవి. మైదుకూరులో మా రేకుల షెడ్డు వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. ఆ బండ్ల నట్లకు మన పానాలు పట్టవట, కొలతలే వేరట. అందుకే వాటి పానాలను గుడ్డలో చుట్టి తలగడ పక్కన పెట్టుకుని పడుకునేవాడు. వాటికి గేరు కుడికాలి దగ్గర ఉంటుంది. అన్నం ముందు కూర్చున్నా వాడి కుడికాలు ఊరికే లేస్తూ దిగుతూ ఉండేది.

"ఏంరా, సంగటి తినేటప్పుడు కూడా గేర్లు మారుస్తాండావా?" అనేదాన్ని.

"ఈ సంగటి ముద్ద మిట్ట మాదిరి ఉండాది మా, ఎక్కాల కదా" అని నవ్వేవాడు.

బండి నుంచి కారే చమురు కింద నా అన్నం గిన్నె మూత పెట్టేవాడు. "తిట్టాకు మా, కడిగిస్తా" అనేవాడు. ఒక్కసారి కూడా కడగలేదు.

వాడు చేసిన చివరి బండి కర్నూలు సాయబుది. సాయబు నాయన పశువుల డాక్టరు. ఊరూరూ ఆ బండి మీదే తిరిగి గొడ్లకు సూదులు వేసేవాడట. పెట్రోలు ట్యాంకుకు రెండు పక్కలా ఆయన మోకాళ్లు ఆనీ ఆనీ ఆకుపచ్చ రంగు అరిగి, లోపలి ఇనుము తేలింది. ఇంజను పని అయిపోయాక మా వాడు ఆ అరిగిన చోట్ల దగ్గరే కూర్చున్నాడు. చెవి తుడుచుకునే దూదిపుల్లలతో తుప్పు తీసి, మైనం రుద్ది, మిగిలిన రంగు ఊడకుండా చూశాడు.

"రంగు కొడితే ఒక పూట పని కదరా" అన్నాను.

"కొత్తగా చేసేవాళ్లు శానామంది ఉండారు మా. ఉండేదాన్ని పోనీకుండా చూడటమే నా పని."

ఆ మాట నేను విన్నాను. విని కూడా చేశాను, అదే నా సిగ్గు.

వాడి జ్ఞాపకార్థ కూడిక మా వాకిట్లోనే పెట్టుకున్నాం. ముందురోజు వచ్చిన మా ఆడబిడ్డ షెడ్డులోకి తొంగిచూసి, "ఏంది వదినా, ఈ తుక్కు ఇంకా ఈడనే పెట్టినారు? పిల్లోడు ఇన్ని దినాలు చేసింది ఇదేనా?" అంది. నలుగురూ వచ్చి నా కొడుకు పనిని చూసి నవ్వుతారని భయపడ్డాను. మనం క్రిస్మసుకు ఇంటికి సున్నం కొట్టి, తలుపులకు, పెట్టెలకు, మంచం కోళ్లకు కూడా రంగు వేస్తాం కదా. మిగిలిన నల్ల రంగు డబ్బా ఇంట్లోనే ఉంది. దాంతో ట్యాంకంతా పూసేశాను. అద్దంలా మెరిసింది.

కూడికకు వచ్చినవాళ్లంతా అది చూశారు. "ఎంత నునుపుగా చేసినాడమ్మా, చెయ్యంటే మీవాడిదే" అన్నారు. అయ్యగారు ప్రార్థనలో ఆ చేతుల కోసం దేవునికి స్తోత్రం చెప్పారు. నేను తల వంచుకున్నాను. దుఃఖమనుకున్నారు. అందరికీ చెబుతున్నాను, ఆ మెరుపు నాది. నా బిడ్డ పని దాని కింద ఉంది.

తర్వాత సాయబు బండి కోసం వచ్చాడు. ట్యాంకు దగ్గర ఆగాడు.

"ఈ రంగు ఎవరేసినారమ్మా?"

"నేనే సాయబూ. తలుపుల రంగు."

సాయబు మా వాడు కూర్చునే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"కిరసనాయిలు పెట్టి తుడిచేస్తాను. పోతుంది కదా?" అన్నాను.

"వద్దమ్మా. దాంతోపాటు పాతది కూడా లేచొస్తాది." అన్నాడు సాయబు. "చిన్నప్పటి నుంచి ఈ బండి చూస్తాండా. ఆ మచ్చలు మా నాయన మోకాళ్లవని నాకు మీవాడు చెప్పేదాకా తెలీదమ్మా. నన్ను ఎక్కించి, మోకాళ్లు ఆడ పెట్టించి చూపించినాడు."

తిట్టి ఉంటే ఇంత రాసేదాన్ని కాదేమో.

బండిని వ్యానులోకి ఎక్కించారు. డ్రైవరు తాడు తెచ్చి ట్యాంకు మీదుగా వేసి లాగబోయాడు.

"ఆగప్పా, గీతలు పడతాయి" అన్నాడు సాయబు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, నేను పూసిన రంగు మీద పరిచి, దాని మీద తాడు కట్టించాడు.