పొట్లాలైన శాశ్వత రికార్డు

మా రెవెన్యూ ఆఫీసు రికార్డులకు వరదలు, చెదలు, ఉప్పుగాలి కలిసి చేయలేకపోయిన నష్టాన్ని నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే చేసి చూపించాను. ఎలాగో చెబుతాను, మీరు నిరభ్యంతరంగా నవ్వుకోండి.

పాత ఫైళ్లను కంప్యూటర్లోకి ఎక్కించడానికి స్కానింగ్ వాళ్లు వస్తున్నారని మా సూపరింటెండెంట్ సూర్యారావు గారు నన్ను రికార్డు గదికి పంపారు.

"గడువు తీరిన కట్టలు పాతకాగితాలాయనకి ఇచ్చేయండి. కట్ట మీద అక్షరం చూసుకోండి. తెలుసు కదా?"

"ఆయ్, తెలుసండి," అన్నాను. తెలీదు. డిగ్రీ ఫస్టు క్లాసులో ప్యాసైనవాడు అక్షరం తెలీదని ఎలా చెబుతాడు?

కొన్ని కట్టల మీద 'ఆర్' అనీ, కొన్నిటి మీద 'డి' అనీ ఉంది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవలసిందేముంది? ఆర్ అంటే రద్దు. డి అంటే దాచు. రద్దు కట్టలను ఆటో ఎక్కించి, దాచు కట్టలను చంటిపిల్లల్లా తుడిచి బీరువాలో పడుకోబెట్టాను.

ఆ శుక్రవారం యేసురత్నం మాస్టారు వచ్చారు. రిటైరైన టీచరు.

"మా పేట నుంచి సమాధుల తోటకెళ్లే దారికి అడ్డంగా పక్క చేను ఆసామి కంచె వేసేరండి. శవాన్ని చుట్టూ తిప్పి బోదె నీళ్లలో దిగి మోసుకెళ్తున్నాం. ఆ దారి అందరిదీ అని పాత ఆర్డరు మీ దగ్గరుందండి. సోమవారం సబ్ కలెక్టర్ గారి దగ్గర విచారణ."

"శాశ్వత రికార్డండి, ఎక్కడికి పోద్ది?" అని సూర్యారావు గారు నా వైపు తిరిగారు. "ఆ ఆర్ కట్ట తెండి."

"రద్దువన్నీ పంపేశానండి."

"రద్దేంటండి? ఆర్ అంటే రిటెయిన్. ఎప్పటికీ ఉంచాల్సినవి. డి అంటే డిస్ట్రాయ్." ఆయన కళ్లజోడు తీశారు. "తమరు ఎంతదాకా చదువుకున్నారండి?"

మా వైపు కోపం పెరిగేకొద్దీ మర్యాద కూడా పెరుగుతుంది. 'తమరు' దాకా వచ్చిందంటే ఉద్యోగం పోయినట్టే.

పాతకాగితాలాయనకు ఫోన్ చేస్తే, "మంగాయమ్మ గారు పట్టుకెళ్లేరండి. పిడతకింద పప్పు బండి ఆవిడది. రేపు శనివారం కదండి, వాడపల్లి వెంకన్న గుడి దగ్గరుంటారు," అన్నాడు.

మర్నాడు సూర్యారావు గారూ, మాస్టారూ, నేనూ వాడపల్లిలో దిగేసరికి గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. మంగాయమ్మ గారు మరమరాల్లో ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కలిపి, మా పూర్వపు తహసీల్దార్ల సంతకాల్లో చుట్టి అందిస్తున్నారు.

"అవి ప్రభుత్వం కాగితాలండి," అన్నాను.

"ఆయ్, అందుకేనండి ఇంత గట్టిగా ఉన్నాయి. నిమ్మరసం పోసినా కారట్లేదు. ఇంకో కట్టుంటే ఇప్పిస్తారేంటి?"

పాత పేపర్లు తెచ్చిచ్చి, బండి కింది కట్టలు విడిపించుకున్నాం. దారి ఫైలు దొరికింది. ఆర్డరున్న పేజీ ఒక్కటే లేదు.

ఇక జనం మీద పడ్డాం. "తిన్నాక ఆ కాగితం ఇస్తారా అండి?" అని నేనడిగితే, ఒకాయన జాలిపడి నా దోసిట్లో మరమరాలు పోశారు. ఇంతలో మాస్టారు నా మోచెయ్యి నొక్కారు. అరుగు మీద ఒక మామ్మగారు తింటున్నారు. ఆవిడ చేతిలోని పొట్లం మీద వాళ్ల పేట పేరుంది.

ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. మామ్మగారు ఒక్కో గింజా తీసి, పరీక్షించి, నోట్లో వేసుకుంటున్నారు.

"కొంచెం తొందరగా తింటారా అండి?" అన్నాను.

"పళ్లు లేవు బాబూ. నానాలి కదా."

చివరికి పొట్లం విప్పి, ఆ కాగితంతోనే చెయ్యి తుడుచుకోబోయారు. మాస్టారు చటుక్కున తన ఉతికిన జేబురుమాలు చాచారు. తహసీల్దారు ముద్ర బతికింది. పక్కన కారం మరక కూడా.

సోమవారం సబ్ కలెక్టర్ గారు ఫైలు తెరిచి ముక్కు ఎగబీల్చారు.

"ఉల్లిపాయ వాసనేంటండి?"

సూర్యారావు గారు రెప్ప కూడా వేయలేదు. "బాగా పాతదండి. ఊరింది."

కంచె తీసేయమని ఉత్తర్వు వచ్చింది. మాస్టారు వరండాలోకి వచ్చి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నన్ను తిట్టే పని సూర్యారావు గారికి వదిలేశారు. ఆయన దాన్ని రిటైరయ్యేదాకా చేశారు.

ఆ రోజు నేను వెంకన్న బాబు సాక్షిగా ప్రమాణం చేశాను. పక్క సీటు వాళ్లను అడగకుండా ఇక జన్మలో ఏ కట్టనూ గడప దాటించను. పిడతకింద పప్పు తినాలనిపిస్తే దోసిలి పడతాను తప్ప కాగితం ముట్టను.