గోడ వెనక గాలి

కెనడాలోని బ్రాంప్టన్‌లో మేం అద్దెకున్న బేస్‌మెంట్‌లో నలుగురం అమ్మాయిలం. కాలేజీల నిండా మన పిల్లలే కనిపిస్తున్న రోజులవి. ఎక్కడైనా గది ఖాళీ అయిందని తెలిస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు సూట్‌కేసులతో దిగిపోయేవారు. మా ఓనరు గారు కూడా తెలుగాయనే, కాకినాడ వైపు మనిషి. ఆ వేసవిలో ఆయన మా నడవా చివర చెక్క ఫ్రేమ్ నిలబెట్టి, బోర్డులు బిగించి, ఇంకో చిన్న గది తీశారు. అందులోకి వచ్చినమ్మాయి గురించి చెబుతాను.

ఆమెది నిజామాబాద్. అంతకుముందు ఇంకో ఇంట్లో, హాల్లో, మరో ముగ్గురి మధ్య పరుపు వేసుకుని పడుకునేదట. మంచం వేశాక కుర్చీకి కూడా చోటు మిగలని ఆ గదిని చూసి మాకు జాలేసింది. ఆమె మాత్రం తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుని, "ఇప్పుడు నాకొక తలుపున్నది" అని నవ్వింది.

చలి ముదిరేసరికి ఇల్లు వేడెక్కడం మానేసింది. ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్ మా దగ్గరే, వాషింగ్ మెషీన్ పక్కనున్న గదిలో ఉండేది. అది అంటుకునేది, కాసేపు వేడిగాలి వచ్చేది, అంతలోనే మంట ఆగిపోయేది. మళ్ళీ కాసేపటికి అదే వరస. మేం జాకెట్లు వేసుకునే వంట చేసుకునేవాళ్ళం. పైన ఓనరు గారి భార్య మోకాళ్ళ నొప్పులతో దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. మేం కిటికీలు తెరుస్తున్నామని ఆయన అనుమానం. ఆయన కావాలనే వేడి తగ్గిస్తున్నారని మా అనుమానం.

"ఫిల్టర్ కూడా మార్చానమ్మా, ఇంకేం చేయమంటారు? ముందు మీరు కిటికీలు మూసుకోండి" అన్నారాయన ఓసారి కాస్త గట్టిగానే.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం, ఆయన పైకి వెళ్ళాక, "అంకుల్ ఫిల్టర్ మార్చిండంటే అది కాదన్నట్టు. ఇంకేదో ఉన్నది" అంది. ఆ తిట్టులోంచి కూడా పనికొచ్చే ముక్క ఏరుకుందే అని నేను ఆశ్చర్యపోయాను.

ఆమె చదివేది సప్లై చైన్ కోర్సు. ఫర్నేస్‌ని కెనడా వచ్చాకే చూసింది. వేర్‌హౌస్ షిఫ్టుకి బస్సులో వెళ్తూ వస్తూ వీడియోలు చూసి, అది ఎలా పని చేస్తుందో తెలుసుకుంది. ఓ ఆదివారం పొద్దున టిష్యూ పేపరు పట్టుకుని, పైన ఓనరు గారి ఆంటీ అనుమతి తీసుకుని, ఇల్లంతా తిరిగింది. వేడిగాలి వచ్చే చోట టిష్యూ పైకి ఎగరాలి. ఇంట్లో గాలిని ఫర్నేస్ వెనక్కి లాక్కునే చోట జాలీకి అతుక్కోవాలి. పైన అలాంటి జాలీ ఒకటి సోఫా వెనక దాక్కుని ఉంది. ఇద్దరం సోఫా జరిపాం. కొంచెం నయమనిపించింది గానీ మంట మళ్ళీ ఆగిపోయింది.

కిందికి వచ్చాక, ఫర్నేస్‌లోని ఫ్యాన్ మొదలవగానే ఆ గది తలుపు దానంతటదే మూసుకోవడం ఆమె గమనించింది.

"చూసినవా అక్కా, దీనికి గాలి సరిపోతలేదు. ఎక్కడ దొరికితే అక్కడ గుంజుకుంటున్నది. లోపల వేడి ఎక్కువై ఆగిపోతున్నది."

ఫర్నేస్ మీదనుంచి ఒక వెడల్పాటి రేకు గొట్టం సీలింగ్ వెంబడి వెళ్ళింది. తలెత్తి దాన్ని చూసుకుంటూ నడిచాం. అది ఆమె గది గోడలోకి దిగి మాయమైంది. ఆమె గోడకి చెవి ఆనించింది. నేనూ ఆనించాను. బోర్డు వెనక సన్నగా ఈల వినిపిస్తోంది.

గాలి వెనక్కి వెళ్ళే పెద్ద జాలీ ఆ బోర్డు కిందే ఉండిపోయింది. దాన్ని తెరిస్తే బేస్‌మెంట్‌లోని గాలంతా ఆమె గదిలోంచే పోవాలి. దానికి తలుపు కింది భాగం కోసి అక్కడా ఓ జాలీ పెట్టాలి. ఆ తలుపు ఇక మూసినా మూసినట్టు కాదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది.

"నువ్వు చెప్పకు. ఆయన కట్టిన గోడే కదా, ఆయన్నే కనుక్కోనీ" అన్నాను.

"ఆయనకి తెలిసేటాలకు చలికాలం అయిపోతది. ఆంటీని చూసినవ్ గదా ఎట్లున్నదో" అని లేచింది.

ఓనరు గారితో మాట్లాడినప్పుడు, మీరు తప్పు చేశారన్న ధ్వని ఆమె గొంతులో ఎక్కడా లేదు. "అంకుల్, జర ఇక్కడ చెవి పెట్టి చూస్తరా?" అంది, అంతే. ఆయన వంగి విన్నారు. చాలాసేపు విన్నారు.

"అయ్యో, నేనే మూసేశానమ్మా. ఏదో పాత జాలీ, పనికిరాదనుకున్నాను."

"ఎవరికైనా అట్లనే అనిపిస్తది అంకుల్."

ఆయన రంపం తెచ్చి బోర్డు కోశారు, తలుపు కింది భాగం కూడా కోసి జాలీ బిగించారు. ఫ్యాన్ ఆపి, దుమ్మంతా తుడిచి, గోడలోని పాత జాలీ శుభ్రం చేసి మళ్ళీ ఆన్ చేశారు. మంట ఈసారి ఆగలేదు. మధ్యాహ్నానికి మేం జాకెట్లు విప్పేశాం. మర్నాడు వచ్చిన టెక్నీషియన్ లోపల అన్నీ పరీక్షించి బాగానే ఉందన్నాడు. కిటికీల మాట అన్నందుకు ఓనరు గారు మా అందరి ముందూ సారీ చెప్పారు.

ఆ తర్వాత గదిలోంచి పోయే చల్లగాలికి ఆమె మంచం మీద తలవైపు మార్చుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని పడుకునేది. ఒక్కసారి కూడా సణగలేదు. పరీక్షల ముందు గదులు మార్చుకుందామంటే రెండుసార్లు వద్దంది. నేను ఆమె పుస్తకాలు మోసుకెళ్ళి నా బల్ల మీద పెట్టేశాక ఒప్పుకుంది. ఆ పరీక్షలయ్యేదాకా ఆమె మంచం మీద నేను పడుకున్నాను. చల్లగాలి ముఖం మీదుగా పోతూనే ఉండేది. తలుపు జాలీలోంచి గిన్నెల చప్పుడు, ఫోన్ మాటలు, ఎవరో ముక్కు చీదుకోవడం, అన్నీ చెవిలో చెప్పినట్టు వినిపించేవి. ఇన్నాళ్ళూ ఆమె విన్నవాటిలో మా మాటలెన్నో ఉండి ఉంటాయి. ఒక్కటీ ఆమె ఎవరికీ చేరవేయలేదు.